నలభై అంకెల సీను

ఆ సీనులో అర్కాది ఇల్యిచ్ బెలొషిన్ ఒకటి నుంచి నలభై దాకా లెక్కపెట్టాలి. రష్యన్‌లో. ఆయన పని అంతే.

కోకాపేటలో కడుతున్న టవర్, ఇరవై ఎనిమిదో అంతస్తు. గోడలు ఇంకా లేవు. స్తంభాలు, శ్లాబు, అంచు వెంట కట్టిన వల. ఆ అంచు దగ్గర కుర్చీలో కూర్చుని, ముఠా పెద్ద వేషంలో ఆయన హీరోతో నాలుగు నిమిషాలు మాట్లాడాలి. స్క్రిప్టులో అవి పద్నాలుగు డైలాగులు. తర్వాత స్టూడియోలో డబ్బింగ్ ఆర్టిస్టు వాటిని తెలుగులో చెప్తాడు. కెమెరా ముందు పెదాలు కదిలితే చాలు. భాష రాని నటుల చేత అంకెలు చెప్పించడం ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. సెట్లో రికార్డయ్యే ఆ గొంతును ఎవరూ వినరు. ఎలాగూ తీసేసే గొంతే.

వినేది ఒక్క ఉదయశ్రీ. ఆమె దుబాసీ. హీరోకి రష్యన్ రాదు కనుక ఎక్కడ బెలొషిన్ డైలాగు ముగిసి తన వంతు వస్తుందో తెలియదు. అందుకని ఆమె ఒక పట్టిక రాసుకుంది. ఒకటి నుంచి మూడు దాకా పలకరింపు. నాలుగు నుంచి తొమ్మిది దాకా చచ్చిపోయిన కొడుకు సంగతి. పది నుంచి పదహారు దాకా బేరం. అలా నలభై దాకా. పట్టికను అట్టకు క్లిప్పు పెట్టి పట్టుకుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మానిటర్ పక్కన నిలబడుతుంది. ముక్క చివరి అంకె వినపడగానే చెయ్యి ఎత్తుతుంది, హీరో అందుకుంటాడు. పది రోజులు ఇలాగే నడిచింది. ఇవాళ పదకొండో రోజు, ఆఖరిది. టవర్ వాళ్ల అనుమతి సాయంత్రం ఐదు దాకా. హీరో డేట్లు ఇవాళ్టితో సరి.

మొదటి రోజు బెలొషిన్ ఈ పద్ధతికి ఒప్పుకోలేదు. "నా మాటలు నాకివ్వండి. రెండు రోజుల్లో నేర్చుకుంటాను" అన్నాడు. ఉదయశ్రీ తెలుగులో చెప్పింది. డైరెక్టర్ యశ్వంత్ నవ్వాడు.

"ఆయన్ని శ్రమ పడొద్దనండి. అంకెలు చెప్పమనండి, మిగతాది డబ్బింగ్‌లో చూసుకుంటాం."

ఆమె ఆ మాట కూడా ఉన్నదున్నట్టు రష్యన్‌లోకి మార్చింది. నాటక పాఠశాలలో తమ చేత ఇలాంటి పనే చేయించేవారని బెలొషిన్ చెప్పాడు. ఇద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టి, ఎక్కాలు తప్ప ఇంకో మాట వాడకుండా పోట్లాడుకొమ్మనేవారట. "డెబ్భై ఏళ్లకి మళ్లీ బడిలో వేశారు. సరే" అన్నాడు. ఆ మధ్యాహ్నం కొడుకు శవం ముందు కూర్చుని పదకొండు నుంచి ఇరవై దాకా లెక్కపెట్టాడు. కట్ చెప్పాక లైట్‌మెన్ చప్పట్లు కొట్టారు. ప్రొడక్షన్ మేనేజర్ బాలనర్సయ్య కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఒక్క ముక్క సమజ్ కాలే గని, పాణం పిండిండు పో రష్యా సారు."

గచ్చిబౌలి హోటల్ నుంచి సెట్‌కి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు బెలొషిన్ కార్లో తన సంగతులు చెప్పేవాడు. వోల్గా ఒడ్డున ఒక ఊళ్లో రైల్వే మెకానిక్ కొడుకు. ఇరవై రెండో ఏట ఆ ఊరి నాటకశాలలో చేరి, నలభై ఆరేళ్లు అక్కడే ఉన్నాడు. వాళ్ల దగ్గర ఒక నాటకం ఎత్తుకుంటే పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు ఆడుతుంది. ఒక స్టేషన్ మాస్టర్ వేషం నాలుగు వందల పన్నెండు సార్లు కట్టాడు. మొదట్లో ఆ వేషానికి జుట్టుకు తెల్లరంగు వేసుకునేవాడు, చివర్లో నల్లరంగు. సినిమాలు ముప్పై ఒకటి. జర్మన్ మేజర్, సర్జన్, ప్రాసిక్యూటర్, జనరల్. పంతొమ్మిది సినిమాల్లో ఇంటర్వెల్ లోపే చచ్చిపోయాడు. ఒక టీవీ సీరియల్లో ఎనిమిదేళ్లు పోలీసు అధికారి. ఆ రోజుల్లో ట్రామ్‌లో కండక్టర్లు లేచి సెల్యూట్ చేసేవారట, టికెట్ మాత్రం కొట్టేవారట.

నలభై ఆరేళ్లలో ఆయన వల్ల ఒక్క ప్రదర్శన కూడా ఆగలేదు. భార్యను పాతిపెట్టిన రోజు సాయంత్రం కామెడీ ఉంది. వేశాడు.

"ఎలా వేశారు?" అని ఉదయశ్రీ అడిగింది.

"టికెట్లన్నీ అమ్ముడైపోయాయి" అన్నాడు.

అరవై ఎనిమిదో ఏట నాటకశాలకు కొత్త డైరెక్టర్ వచ్చాడు. నోటీసు బోర్డు మీద ఆ సీజన్ నాటకాల జాబితా అంటించారు. అందులో బెలొషిన్ పేరు లేదు. రెండేళ్లు ఫోన్ మోగలేదు. మోగినప్పుడు అవతలి ఏజెంటు హైదరాబాద్ అన్నాడు, పదకొండు రోజులు అన్నాడు. "ఇది ముప్పై రెండోది. ఇందులో కూడా చస్తాను, కానీ ఇంటర్వెల్ తర్వాత" అన్నాడాయన.

మూడో రోజున, రష్యన్ ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ఉదయశ్రీ నిజం చెప్పింది. వొరొనెజ్‌లో ఆరేళ్లు వైద్యం చదివింది. పట్టా ఉంది. బయటి దేశంలో చదివి వచ్చినవాళ్లు ఇక్కడ వైద్యం చెయ్యాలంటే రాయాల్సిన పరీక్ష నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ తప్పింది. ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో కజకిస్తాన్ నుంచి వచ్చే ఫోన్లకు రష్యన్‌లో జవాబులు చెప్తుంది. సెలవు పెట్టి ఈ పనికి వచ్చింది. ఆ సంగతి యూనిట్‌లో ఇంకెవరికీ చెప్పలేదు. కిందటేడు బాచుపల్లిలో వాళ్ల అపార్ట్‌మెంట్లో పద్మావతి గారికి ఛాతీలో నొప్పి వస్తే ఈమె గుండెపోటని హడావుడి చేసి ఆస్పత్రికి పంపింది. అది గ్యాస్ అని తేలింది. ఆ తర్వాత లిఫ్టులో ఎవరు కనిపించినా, "ఏం డాక్టరు గారూ, నా గుండె ఎలా ఉందంటారు?" అని నవ్వేవాళ్లు. ఆరు నెలలు మెట్ల దారినే తిరిగింది.

ఇవాళ పదకొండూ నలభైకి మొదటి టేక్. బెలొషిన్ ఒకటి నుంచి నలభై దాకా వెళ్లాడు. ఎక్కడా తడబడలేదు. కానీ వెనక హాయిస్ట్ కదిలి ఫ్రేములోకి వచ్చింది. బిల్డింగ్ బయటి నుంచి కూలీలను, సామాన్లను మోసే ఆ లిఫ్టే ఈ అంతస్తుకు దారి. యశ్వంత్ మైకులో అరిచాడు.

"దాన్ని కిందికి దించి కట్టేయండి! నేను చెప్పేదాకా పైకి రాకూడదు."

పన్నెండూ పదికి రెండో టేక్. పలకరింపు అయింది. కొడుకు సంగతి అయింది. బేరం మొదలైంది. హెడ్‌ఫోన్స్‌లో పద్నాలుగు వినపడింది. పదిహేను వినపడింది. తర్వాత పదకొండు వినపడింది.

ఉదయశ్రీ పట్టిక వంక చూసింది. ఆమె చెయ్యి లేవలేదు. హీరో ఆమె వంక చూశాడు. ఆమె ఆలస్యంగా ఎత్తింది. అతను అందుకున్నాడు. బెలొషిన్ కొనసాగించాడు. ఇరవై మూడు దగ్గర హల్లులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఇరవై ఆరు అన్నాడు. మళ్లీ ఇరవై ఆరు అన్నాడు. మూడోసారి కూడా అదే అన్నాడు, ప్రతిసారీ ఇంకాస్త కోపంగా. అక్కణ్ణుంచి నలభైకి దూకాడు. ఆమె అట్ట మీద టైము రాసింది: 12.12.

"కట్! అద్భుతం సార్!" యశ్వంత్ కుర్చీలోంచి లేచాడు. "ఆ కోపం చూశారా? అదే మూడ్‌లో సేఫ్టీకి ఇంకొక్కటి. ఉదయశ్రీ గారూ, మీ క్యూ లేటయింది. నిలబడే నిద్రపోయారా ఏంటి?"

మానిటర్ చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"ఆయన అంకెలు తప్పు చెప్పారండి" అంది.

"చెప్తే చెప్పనివ్వండి. ఆయనేమైనా బ్యాంకులో పని చేస్తున్నారా? డబ్బింగే కదా."

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి శ్లాబు అంచు దాకా నడిచింది. బెలొషిన్ కుర్చీలోనే ఉన్నాడు. బంకతో అంటించిన గడ్డం, మీసం. పెదాల మూలలు కనపడవు. అసిస్టెంటు టీ ఇచ్చాడు. ఆయన ఎడమచేత్తో అందుకున్నాడు. పది రోజులుగా ఆయన టీ తాగింది కుడిచేత్తో.

"అర్కాది ఇల్యిచ్, పదిహేను తర్వాత ఏమొస్తుంది?"

"నువ్వొస్తావు, ప్రశ్నలు అడగడానికి" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"రెండు చేతులూ ముందుకు చాపండి. అరచేతులు పైకి. కళ్లు మూసుకుని పది సెకన్లు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి చేతులు చాపాడు. కళ్లు మూశాడు. నాలుగో సెకనుకి కుడిచెయ్యి లోపలికి తిరిగి కిందికి జారడం మొదలుపెట్టింది. అది జారుతుండగానే ఆయన లేచి నిలబడి, ఎడమచేతిని గుండె మీదికి తెచ్చి, నడుము వంచి, కుడిచేతిని నేల దాకా పోనిచ్చి యూనిట్‌కి వందనం చేశాడు. నాటకం అయ్యాక తెర ముందు చేసే వందనం. లైట్‌మెన్ ఈలలు వేశారు. పడిపోతున్న చెయ్యిని ఎవరూ చూడలేదు.

ఉదయశ్రీ చూసింది. ఆయన లేచేటప్పుడు కుడికాలు అర క్షణం ఆలస్యంగా రావడం కూడా చూసింది.

"మీకు పక్షవాతం వస్తోంది" అంది రష్యన్‌లో. "ఇప్పుడే ఆస్పత్రికి వెళ్లాలి. మెదడులో గడ్డ కరగడానికి ఒక ఇంజెక్షన్ ఉంది. మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు."

ఆయన కూర్చున్నాడు. "నాలుగున్నర గంటలు" అన్నాడు. "సీను నాలుగు నిమిషాలు."

"ఆ నాలుగు నిమిషాల్లో మెదడులో చచ్చిపోయే భాగం తిరిగి రాదు."

"అమ్మాయ్." ఒక్కో మాటనీ పెదాలతో పట్టుకుని బయటికి తెస్తున్నాడు. "దీని తర్వాత... నాకు ఏమీ లేదు. ఇది చేసి వస్తాను. వాళ్లకి చెప్పకు."

ఆమె నేరుగా బాలనర్సయ్య దగ్గరికి వెళ్లింది. అతను భోజనాల లెక్క చూస్తున్నాడు.

"బాలనర్సయ్య గారూ, ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాలండి. కారు కావాలి, హాయిస్ట్ పైకి రావాలి."

"ఏమైందమ్మా? ఇప్పుడే గదా దండం పెట్టిండు, అందరు సీటీలు గొట్టిన్రు."

"మాట తేడాగా ఉందండి. కుడిచెయ్యి పడిపోతోంది."

"ఎండకు అట్లనే ఉంటదమ్మా. వాళ్లది చల్లటి దేశం గద. జర మజ్జిగ తాపితే సెట్ అయితడు." అప్పటికే ఒకతను మజ్జిగ గ్లాసుతో బెలొషిన్ వైపు వెళ్తున్నాడు. ఉదయశ్రీ పరుగెత్తి గ్లాసు లాక్కుంది. మజ్జిగ ఆమె చేతుల మీద, శ్లాబు మీద పడింది.

"నోట్లో ఏమీ పోయకండి! మింగలేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

బాలనర్సయ్య వెనకాలే వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఏందమ్మా గిట్ల చేస్తున్నవ్? ఇన్ని తెలుసుడేంది నీకు? నువ్వు డాక్టర్‌వా?"

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర రెండు జవాబులు ఉన్నాయి, రెండూ నిజమే. "కాదు" అంది.

"మరి ఫికర్ ఎందుకు? మన మేకప్ వ్యాన్ల బీపీ మిషన్ ఉంది, తెప్పిస్త." తెప్పించాడు. నూట డెబ్భై, వంద. "గింతేనా? పొద్దుగాల లేస్తే నాకే గింతుంటది" అన్నాడు.

అప్పటికి పన్నెండూ ఇరవై ఎనిమిది. యశ్వంత్ మానిటర్ దగ్గర నుంచి నడిచి వచ్చాడు. అతను కోపిష్టి కాడు. పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా ఎవరి మీదా అరవలేదు, హాయిస్ట్ మీద తప్ప.

"సమస్య ఏంటండీ?"

"ఆయనకి స్ట్రోక్ వస్తోందని నా అనుమానం" అంది.

"అనుమానమా?"

"అవునండి."

యశ్వంత్ బెలొషిన్ వంక చూశాడు. ఆయన కుర్చీలో వీపు నిటారుగా పెట్టి, కుడిచేతిని ఒళ్లో ఎడమచేతి కింద పెట్టుకుని కూర్చున్నాడు. ముఠా పెద్ద ఎలా కూర్చుంటాడో అలా కూర్చున్నాడు. ఈయనకి బాగాలేదని చెప్తే నమ్మేవాళ్లు ఎవరూ లేరు.

"చూడండి ఉదయశ్రీ గారూ, పెద్దాయన. నిజంగా బాగాలేకపోతే ఈ క్షణమే ప్యాకప్ చెప్తాను. కానీ మీ అనుమానానికి చెప్పలేను. నూట అరవై మంది ఉన్నారు. హీరో గారు మళ్లీ ఎప్పుడు దొరుకుతారో తెలీదు. ఆయన్నే అడుగుదాం. నేనన్నది అన్నట్టే అడగండి. షాట్ చెయ్యగలరా, లేదా?"

అది న్యాయమైన మాట. ఆమె అన్నది అన్నట్టే అడిగింది.

బెలొషిన్ ఆమె వంక చూడలేదు. యశ్వంత్ కళ్లలోకి చూస్తూ చెప్పాడు. "నాకు బాగుంది. సిద్ధంగా ఉన్నాను. మొదలుపెట్టమనండి." మూడు ముక్కలు చెప్పడానికి ఇరవై సెకన్లు పట్టింది. రెండో ముక్కలో సగం అక్షరాలు లేవు. తెలుగు చెవికి అది రష్యన్. రష్యన్ అలాగే ఉంటుంది కాబోలు అనుకుంటారు.

యశ్వంత్ ఆమె వైపు తిరిగాడు. బాలనర్సయ్య తిరిగాడు. క్లాప్ బోర్డు పట్టుకున్న అసిస్టెంటు, కెమెరా వెనకున్నవాళ్లు, గొడుగు కింద నిలబడిన హీరో, అందరూ ఆమె వంక చూశారు.

"ఏమంటున్నారు?"

పదకొండు రోజుల్లో ఆమె ఒక్క మాట మార్చలేదు. ఆయన తిట్లు కూడా, యశ్వంత్ వద్దన్నా, ఉన్నవి ఉన్నట్టే చెప్పింది. స్ట్రోక్ అని తను గట్టిగా అంటే నువ్వెవరని అడుగుతారు. పరీక్ష తప్పిన సంగతి చెప్పాలి. బీపీ మిషన్ చూపిస్తారు. వాదన జరుగుతుండగా ఆయన లేచి కెమెరా ముందుకు నడుస్తాడు, నడవగలిగినంత దూరం. తను పొరపాటు పడి ఉండవచ్చు కూడా. పద్మావతి గారి విషయంలోనూ ఇంత నమ్మకంగానే ఉంది.

ఈ అంతస్తు మీద ఆయన మాట అర్థమయ్యేది తనొక్కదానికే.

"ఇక చెయ్యలేనంటున్నారు" అంది ఉదయశ్రీ. "తల పగిలిపోతోందట. కుడిచేతికి స్పర్శ లేదట. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమంటున్నారు. ఇక్కడ తనకేమైనా అయితే మీరే జవాబు చెప్పుకోవాలంటున్నారు."

యశ్వంత్ ముఖం మారింది. "అయ్యో. ముందే చెప్పొచ్చు కదండీ ఆయన! ప్యాకప్. హాయిస్ట్ పైకి పిలవండి. నర్సయ్య గారూ, మీరు కూడా వెళ్లండి."

అసిస్టెంటు క్లాప్ బోర్డు కింద పెట్టాడు. ఒక లైటు ఆరిపోయింది, తర్వాత రెండోది. బెలొషిన్‌కి తెలుగు రాదు. కానీ దీపాలు ఆర్పడం అంటే ఏమిటో ఆయనకు తెలుసు. అటూ ఇటూ చూసి, ఉదయశ్రీ మీద కళ్లు నిలిపాడు.

"నువ్వు ఏం చెప్పావు?"

"ఆస్పత్రికి వెళ్తున్నామని."

"నేను ఏం చెప్పమన్నాను?"

ఆయన అరిచాడు. నేను సిద్ధమని చెప్పు, ఆపొద్దని చెప్పు, ఈమె అబద్ధం చెప్తోంది అని అరిచాడు. సగం మాటలు మధ్యలోనే విరిగాయి. లేవబోయాడు, కుడికాలు సహకరించలేదు. ఇద్దరు లైట్‌మెన్ వచ్చి కుర్చీతో సహా ఎత్తారు.

"పాపం, నొప్పికి ఎట్ల ఒర్లుతున్నడో చూడు" అన్నాడు బాలనర్సయ్య. "ఏడ్వకు సార్, దవాఖానకే పోతున్నం. ఉదయశ్రీ, జర చెప్పు తల్లీ సార్‌కు."

హాయిస్ట్ ఆపరేటర్ అన్నం తినడానికి పోయాడు. వెతికి పట్టుకొచ్చేసరికి పదకొండు నిమిషాలు అయింది. ఇరవై ఎనిమిది అంతస్తులు దిగడానికి మూడు నిమిషాలు. ఇనుప జాలీ మధ్య కుర్చీలో బెలొషిన్ ఆ మూడు నిమిషాలూ కళ్లు మూసుకునే ఉన్నాడు.

కింద డ్రైవర్ స్వామి కారు తలుపులు తీసి ఉంచాడు. సర్వీస్ రోడ్డు ఎక్కగానే ముందు బస్సుల వరస కనిపించింది.

"మేడం, సీదా పోతే గంటయితది. ఆఫీసులోళ్లందరు బిర్యానీకి దిగిన్రు. నేను లోపల్నుంచి కొడ్త, మీరు సార్‌ని పట్టుకోన్రి" అన్నాడు. ఎదురొచ్చిన బైక్ ట్యాక్సీ వాణ్ణి కిటికీలోంచి తిట్టాడు. "అరేయ్, పేషెంటున్నడు లోపల, జరుగు! జరుగు బే!" బాలనర్సయ్య ఆస్పత్రికి ఫోన్ చేసి ఏమని చెప్పాలో తెలియక ఫోన్ ఉదయశ్రీకి ఇచ్చాడు. ఆమె వయసు, లక్షణాలు, టైము, బీపీ చెప్పింది. చెప్తున్నంతసేపూ బాలనర్సయ్య ఆమెనే చూశాడు.

ఆస్పత్రి చేరేసరికి ఒంటిగంటా పది. ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరుది ఉదయశ్రీ వయసే. కోటు మీద ప్రియాంక అని ఉంది.

"చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు? కరెక్ట్ టైం కావాలి."

"పదకొండూ నలభై నాలుగు, మొదటి టేక్ అయినప్పుడు. మొదటి తప్పు పన్నెండూ పన్నెండుకి." అట్ట చూపించింది.

డాక్టరు అట్టనీ, ఆమెనీ చూసింది. "మీరు డాక్టరా?"

"వొరొనెజ్‌లో చదివానండి. ఇక్కడి పరీక్ష పాస్ కాలేదు."

డాక్టరు ఆ టైములు రాసుకుంది. స్కానింగ్‌కి పంపింది. ఒకటీ ముప్పై ఐదుకి తిరిగి వచ్చింది. రక్తస్రావం లేదు, గడ్డే. ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. పేషెంటు స్పృహలో ఉన్నాడు కనుక ఆయన ఒప్పుకోవాలి.

బెలొషిన్ గడ్డం తీసేశారు. బంక ఊడిన చోట చర్మం ఎర్రబడి ఉంది. నోటి కుడి మూల కిందికి దిగి ఉంది. ఉదయశ్రీ మంచం పక్కకు రాగానే ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆమె గోడ వైపు తిరిగిన ముఖంతోనే మాట్లాడింది. ఇంజెక్షన్ పేరు చెప్పింది. ముగ్గురిలో ఒకరికి బాగా మేలు చేస్తుందని చెప్పింది. వందలో ఆరుగురికి మెదడులో రక్తస్రావం కావచ్చని, వాళ్లలో కొందరు చనిపోతారని చెప్పింది. తీసుకోకపోతే చెయ్యి, కాలు, మాట ఇలాగే ఉండిపోవచ్చని చెప్పింది. డాక్టరు చెప్పిన ఒక్క ముక్క వదల్లేదు.

"అక్కడ మీ మాట నేను మార్చాను" అంది చివర్లో. "ఇక్కడ ఏదీ మార్చలేదు. వద్దంటే వద్దన్నారనే చెప్తాను."

డాక్టరు గడియారం చూసింది. బయట స్ట్రెచర్ చక్రాల చప్పుడు వచ్చి పోయింది. తర్వాత దుప్పటి కింద నుంచి ఎడమచెయ్యి బయటికి వచ్చింది. పెన్ను కోసం. ముఖం మాత్రం గోడ వైపే ఉంది.

ఒకటీ నలభై తొమ్మిదికి ఇంజెక్షన్ ఇచ్చారు. ఉదయశ్రీని బయట కూర్చోమన్నారు.

బాలనర్సయ్య రెండు కాఫీలు తెచ్చి ఒకటి ఆమెకు ఇచ్చాడు. మధ్యలో ఒక కుర్చీ ఖాళీ వదిలి అవతలి దాంట్లో కూర్చున్నాడు.

"ఒక్కటి అడుగుత. నిజం చెప్పాలె. మీద సెట్ల ఆయన ఏమన్నడు?"

"షాట్‌కి రెడీ అన్నారు."

అతను కాఫీ తాగడం ఆపాడు. "యశ్వంత్ సారు అడిగితే?"

"అదే చెప్తానండి."

"చెప్తే ఇగ నిన్నెవ్వడు ఏ సెట్‌కు పిలవడు. నన్ను గూడ ఎల్లగొడ్తరు, నీ పక్కన నిలవడ్డందుకు. నువ్వు గట్ల అనకపోతే ఏమయ్యేటిది?"

"ఆయన షాట్ చేసేవారు."

"తర్వాత?"

ఆమె చేతుల మీద మజ్జిగ ఎండి చారలు కట్టింది. గోటితో గీకుతూ ఉండిపోయింది. యశ్వంత్ నుంచి రెండు ఫోన్లు వచ్చాయి. రెండిటినీ బాలనర్సయ్య మోగనిచ్చాడు.

రెండూ యాభైకి నర్సు వచ్చి పిలిచింది. పేషెంటు ఏదో అంటున్నాడు, ఎవరికీ అర్థం కావడం లేదు.

డాక్టరు ప్రియాంక మంచం పక్కన టార్చి పట్టుకుని ఉంది. బెలొషిన్ తల దిండు మీద ఎత్తుగా ఉంది. ఉదయశ్రీ గుమ్మంలో కనపడగానే ఆయన మాట్లాడడం మొదలుపెట్టాడు. ఆమెతో కాదు. డాక్టరుతో.

"ఈ అమ్మాయిని ఇక్కడి నుంచి పంపించండి. అబద్ధాలు చెప్తుంది. నేను ఒకటి చెప్తే ఇంకొకటి చెప్పింది. యాభై ఏళ్లలో నాకు ఎవరూ ఇలా చెయ్యలేదు. నాకు వేరే దుబాసీ కావాలి."

ఉదయశ్రీ గుమ్మంలోనే నిలబడి విన్నది. ఏ అక్షరం ఇంకో అక్షరంలో కలవలేదు. ఏ మాటా రెండుసార్లు రాలేదు. చివరి వాక్యం దగ్గర ఆయన కుడిచెయ్యి దుప్పటి మీద నుంచి లేచింది. మణికట్టు దాకా, వేలు ఒకటి ఉదయశ్రీ వైపు చూపిస్తూ.

"ఏమంటున్నారు?" అంది డాక్టరు.

"నన్ను పంపించెయ్యమంటున్నారు" అంది ఉదయశ్రీ. "నేను అబద్ధాలు చెప్తానట. ఆయన ఒకటి చెప్తే నేను ఇంకొకటి చెప్పానట. యాభై ఏళ్లలో ఆయనకి ఎవరూ అలా చెయ్యలేదట. వేరే దుబాసీ కావాలంటున్నారు."

డాక్టరు టార్చి ఆపింది. "మాట ఎలా ఉంది?"

"స్పష్టంగా ఉందండి. వాక్యాలు పూర్తి చేశారు. మొత్తం ఐదు."

డాక్టరు కేస్ షీట్‌లో టైము వేసి రాసుకుంది. ఉదయశ్రీ బయటికి వచ్చి, వొరొనెజ్‌లో తనతో చదివి ఇప్పుడు కూకట్‌పల్లిలో ఉంటున్న అఖిలకు ఫోన్ చేసింది. వెంటనే రావాలని, ఒక పెద్దాయనకు దుబాసీ కావాలని చెప్పింది.